అరగని చెప్పులు

నాలుగో నాడు పొద్దుగూకే యాళ్లకు దేవరకొండ చేరినం.
ముందు తోపుడుబండి, బండి మీద అద్దాలపెట్టెల మాత,
ఆమె చుట్టూ బ్యాటరీకి మిణుకుమనే బల్బులు.
ఎనక పదకొండుమందిమి.
జడ్చర్లల బయల్దేరినప్పుడు పన్నెండు.
డిండి కాడ ఇన్నాసి మోకాలు మొరాయించింది.
బస్సెక్కుతూ తన జపమాలను బండి పిడికి తగిలించిండు,
"ఇదన్నా గుణదల చూస్తదిలే" అని.

గుట్టల మీద కోటగోడ,
పండ్లూడిన దువ్వెన లెక్క.
చాయ్ హోటల్ పిలగాడు ఎవరూ అడగకుండనే చెప్తుండు:
ఏడు గుట్టలు కలిపి కట్టిండ్రట,
అంత ఎత్తున నీళ్లగుంటలు తొలిచిండ్రట,
ఎండకాలం గూడ ఎండకపోయేటియట.
నేను సగమే విన్న.
అరికాలి పొక్కుల మీద వాడు పోసిన చల్లనీళ్ల చప్పుడే
చెవులనిండా.

నాది ఉత్తకాళ్ల మొక్కు.
మాత గుట్ట ఎక్కేదాక చెప్పు తొడగనని
పోయినేడు దవాఖాన మెట్ల మీద ఒప్పుకున్న.
ఎవరి కోసమో ఇక్కడ చెప్పను.
వాడు బతికిండు. అంతే.

రాత్రికి మగోళ్లకు బడి వరండా,
ఆడోళ్లం నలుగురం సహాయమ్మ ఇంట్ల.
మర్రిగూడ దిక్కు పుట్టిన మనిషి.
నలభై రెండేండ్లంటది, నడుము చూస్తే నమ్మబుద్ధి కాదు.
చిన్నప్పటినుంచి బోరునీళ్లు
లోపలికెల్లి ఎముకలకు సున్నం కొట్టినయి.
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె.
తలుపు తీసి మా మొఖాలు చూడలే,
మా కాళ్లు చూసింది.
ఆమె కండ్లకు అందే ఎత్తు అదే.

జొన్నరొట్టె, చింతచిగురు లేదని ఉత్తపప్పు.
తినుడయినంక నన్నే పిలిచింది:
"మంచం కింది రేకుపెట్టె గుంజు చెల్లే."
పాత క్యాలెండర్ కాగితంల చుట్టి
ఒక జత చెప్పులు.
నీలం పట్టీ, ధర చీటీ గూడ ఊడలే.

"తొమ్మిదేండ్ల కింద అంగట్ల కొన్న.
ఆ యేడు నేను గూడ నడుద్దామని సంచి సదురుకున్న.
తెల్లారి మోకాళ్లు వంగలే.
నా కాళ్లెట్లా రావు, వీటినన్న తీస్కపో."
"గుట్ట మీద మాత కాడ ఇడిసి రావాల్నా అక్కా?"
"ఇడిసిపెడితే నాకేం తెలుస్తది?
అరగదీసి తే.
మడిమె కాడ తడిమి చూస్త."

పొద్దుగాల ఉపదేశి రాయప్పకు చెప్తే
కోపానికొచ్చిండు.
మొక్కంటే మొక్కే, సంచిల పెట్టుకొని మొయ్యి,
చేతుల పట్టుక నడువు, పాపం లేదు అన్నడు.
ఆయన మాట నిజమే కావొచ్చు.
కానీ సంచిల పెడితే చెప్పు అరగదు గద.

రాత్రంతా నిద్ర రాలే.
సహాయమ్మ పండుకునే నిద్రపోదు,
ఎన్నుపూస పరుచుకోదు.
గోడకొరిగి కూసొనే గురక పెట్టింది.
కిటికీల కోట నల్లగ, ఆమె లెక్కనే,
కూలకుండ, లేవకుండ.
అంత ఎత్తున నిలిపిన నీళ్లు
కింద పుట్టిన ఈమె దాక
ఒక్క గ్లాసన్నా ఎందుకు దిగిరాలేదో
మాతను అడుగుదామనుకున్న.
అది మొక్కుల లెక్కల రాదేమో.

నాలుగ్గొట్టంగ బండి కదిలింది.
గడప బయట, ఆమె చూపు అందే కాడ నిలబడి
చెప్పులు తొడిగిన.
ఒక సైజు చిన్నయి, మడిమె యెనకకు వేలాడుతుంది.
పొక్కులు భగ్గుమన్నయి.
ఆమె ఏమనలే.
టప్పు టప్పుమని రెండడుగులు వేస్తే
తలకాయ కొంచెం, వచ్చినంత మేరకు, ఊపింది.

మొక్కు తప్పిన దానికి మాతకేం చెప్పాల్నో
హాలియా దాక మాటలు వెతికిన.
దొరకలే.
రోడ్డు పక్క రాయి మీద కూసొని
చెప్పు బోర్లించి చూసిన.
అడుగున కంపెనీ పేరు
ఒక్క అక్షరం గూడ చెరగలే.
లేసి నడిసిన.