ఐదు వరసలు

ఉలాన్‌బాతర్‌లో ఈ పొద్దున మైనస్ ముప్పై ఒకటి.
కిటికీకి లోపలి వైపున కూడా మంచు పూసింది.
పిండి తూస్తున్నాను.
పక్కనే బ్యాంకు కాగితం,
దాని మూల నా బొటనవేలి తెల్ల ముద్ర.

పదిహేనున వాయిదా.
ఇరవై ఒకటిన త్సగాన్ సార్, తెల్ల నెల, కొత్త ఏడు.
సుఖ్‌దోర్జ్ ఆ పాత ట్రక్కు కొన్నప్పుడు
ఈ రెండు తేదీలూ ఇంత ఇరుగుపొరుగని
ఎవరం చూసుకున్నాం?
రెండో చలికాలానికే ఇంజను పగిలి
ట్రక్కు ఇప్పుడు పెరట్లో కుక్కకి ఇల్లు.
వాయిదా మాత్రం నడుస్తూనే ఉంది
నాలుగు చక్రాల మీద, నెలనెలా, టంచనుగా.

బిస్కెట్ల డబ్బా బ్యాంకుది.
టీ డబ్బా పండగది.
ఉన్ని ఫ్యాక్టరీలో నిద్ర కాచిన రాత్రుళ్ళన్నీ
మడతలు పెట్టి టీ డబ్బాలో దాస్తాను.
"మూత మెల్లగా తియ్యమ్మా,
బిస్కెట్ల డబ్బా వింటుంది"
అంటుంది మా నొమిన్‌జుల్.
తొమ్మిదేళ్ళు దానికి.
ఎక్కడ నేర్చుకుందో ఆ గుసగుస.

గడప దాటి వచ్చిన ప్రతి మనిషికీ
పాల టీ, బోజ్ కుడుములు,
వెళ్ళేటప్పుడు చేతిలో ఏదో ఒక కానుక.
పోయినేడు వెయ్యి కుడుములు చుట్టాం.
ఈ ఏడు నాలుగు వందల ఇరవై.
మాంసం సగం, క్యాబేజీ సగం,
ఉల్లిపాయ కాస్త ధారాళంగా.
కానుకలకి మిగులు ఉన్నితో
ముప్పై జతల చేతి తొడుగులు కుట్టాను.
మూడు జతలకి రెండూ ఎడమ చేతులే అయ్యాయి.
అవి మా ఆడపడుచు ఇంటికి పంపుతాను.

అత్తగారు పింఛను మీద అప్పు తెస్తానంది.
వీధి చివరి ముసలాయన అలాగే తెచ్చి
మూడు రోజులు రాజులా కూర్చుని
ఏడాదంతా నల్ల టీ తాగాడు.
"వద్దత్తా" అన్నాను.
ఆమె మాట్లాడలేదు.
పొయ్యిలో బొగ్గు ఎగదోసింది, అవసరం లేకపోయినా.

అసలు చిక్కు పళ్ళెంలో ఉంది.
చెప్పు అట్టలా పొడుగ్గా అచ్చు వేసిన రొట్టెలు,
పేరు కూడా అదే, అట్ట రొట్టెలు.
అప్పు కోసం నా చెప్పులెంత అరిగాయో
లెక్క తెలిసిన రొట్టెలు.
పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడు వరసలు పేర్చాలి.
కింద సుఖం, దాని మీద కష్టం, మళ్ళీ సుఖం,
అలా పైకి,
చివరి వరస ఎప్పుడూ సుఖమే.
ఏడు వరసలకి నూనె, వెన్న, పిండి, చక్కెర:
టీ డబ్బా అడుగు కనిపిస్తోంది.

రాత్రి అత్తగారు పేర్చింది.
ఐదో వరస దగ్గర చెయ్యి ఆపింది.
"చాల్లే. రెండు వరసలే కదా తగ్గింది,
ఒక సుఖం, ఒక కష్టం.
సుఖం పోయిందని ముఖం వేలాడేస్తావేం?
కష్టం కూడా పోయింది, చూడు."
ఎండు పెరుగు ముక్కలు మీద అలంకరిస్తూ
తనలో తాను నవ్వుకుంది.
ఆ చేతులు కొంచెం వణికాయి.
నేను చూడనట్టే ఉన్నాను.

పదిహేనున బ్యాంకు మెట్లు దిగాం, నేనూ నొమిన్‌జుల్.
బిస్కెట్ల డబ్బా సంచిలో తేలిగ్గా డొల్లగా మోగుతోంది.
ఎదురుగా కాలిబాట మీద
అట్టపెట్టెలో ఐస్‌క్రీమ్‌లు పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది.
ఈ చలిలో ఫ్రిజ్ ఎందుకు, ఊరే ఫ్రిజ్.
పిల్ల అడగలేదు.
అడగకపోవడమే నాకు గుచ్చుకుంది.
ఒకటి కొన్నాను.
ఖర్చుల పుస్తకంలో దేని కింద రాయాలో తెలియక
ట్రక్కు పేరు కింద రాశాను, 'డీజిల్' అని.

ఇంటి దాకా తింది, తొందరేమీ లేకుండా.
ఇక్కడ ఏదీ దానంతట కరగదు,
అప్పూ అంతే,
పళ్ళు జివ్వుమంటున్నా కొరుక్కుంటూ పోవాలి.
బస్తీ ఎత్తు ఎక్కేటప్పుడు
చివరి ముక్క నా నోటికి అందించింది.
చేతికి రెండూ ఎడమ తొడుగులే వేసుకుంది.
అడిగితే, "ఇవి నావి, ఎవరికీ పంపకు" అంది.