తాళం పక్కన చిన్న మాట

మూడు లాంతర్లు దాటాక కుట్టుమిషన్ల కొట్టు మీద గది.
ఆరున్నరకి క్లాసు. ఏడింటికి కరెంటు పోతుంది, అదీ సిలబస్సే.
బోర్డు మీద గెట్ అని రాసి, దాని పక్కన
అప్, ఇన్, ఆఫ్, ఓవర్
ఒకే రాటకి మేకల్ని కట్టినట్టు కడుతున్నాను.

"క్రియ ఒక్కటే. పక్కనున్న చిన్న మాట మారితే
మనిషి నిద్ర లేస్తాడు, కారెక్కుతాడు, బస్సు దిగుతాడు,
జ్వరం నించి తేరుకుంటాడు."
ముందు బెంచీల్లో డిగ్రీ పిల్లలు రాసుకుంటున్నారు.
వెనక బెంచీలో మజ్జి గురువులు రాసుకోవడం లేదు.

పేరు గురువులు, కూచున్నది పిల్లల బల్ల.
జూటుమిల్లులో ఇరవయ్యారేళ్లు కండెలు మార్చిన చేతులు
పెన్ను పట్టుకుంటే తెగిన పురికొసని చూసినట్టు చూస్తాయి.
అపార్టుమెంటులో వాచ్‌మన్ పని ఉందట,
నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలన్నారట.

"మాస్టారూ, లాకంటే తాళమే కదేటి?"
"తాళమే."
"మరి లాకప్పూ?"
గది నవ్వింది. అతను నవ్వలేదు.
"గేటు కాడ కూకున్నామని ఓ రాత్రి ఏసినారు మమ్మల్ని.
ఆ తాళంలో మేం లోపలున్నాం.
తెల్లారి ఒగ్గీసినారు. మిల్లు కాడికెల్తే లాకౌటు.
ఈ తాళంలో మేం బయటున్నాం.
అప్పంటే పైకన్నారు మీరు.
మమ్మల్ని పైకేటీ ఎక్కించనేదు."

చేతిలో సుద్దముక్క విరిగింది.
నా దగ్గరున్న వ్యాకరణంలో దీనికి ఓ పేజీ ఉంది, నూట పద్నాలుగు.
అందులో టామ్ ఇంటికి తాళం వేసుకుని సినిమాకి వెళ్తాడు.
టామ్‌కి ఎవరూ గ్రాట్యుటీ బాకీ లేరు.

అప్ అంటే అన్నిసార్లూ పైకి కాదన్నాను,
ఒక్కోసారి పూర్తిగా అని.
ఈట్ అంటే తినడం, ఈట్ అప్ అంటే...
మాట దొరక్క గాల్లో చెయ్యి తిప్పుతుంటే

"తినీడం," అన్నాడు గురువులు.
"తిన్నానంటే కంచంలో ఇంకా ఉండొచ్చు.
తినీసినానంటే ఇక కంచం కడుక్కోడమే."

ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను.
మా అమ్మ పొయ్యి దగ్గర పొద్దస్తమానం వాడిన ఆ ఈసి
బియ్యే చదివే రోజుల్లో నా నోటినించి పోయింది.
యాస అని నేనే ఊడ్చేశాను.
ఊడ్చేశాను: ఇది ఇస్త్రీ చేసిన ఈసి.

పిల్లలు అందుకున్నారు.
చెప్పీసినాడు, పడీసినాది, ఎలిపోనాడు.
గంట్యాడ నించి వచ్చే హైమ చెయ్యెత్తింది,
"గివ్ అప్ అంటే ఒగ్గీడమేనా సార్?"
అవునన్నాను. ఇంతకంటే మంచి మాట నా నిఘంటువులో లేదు.

అప్పుడు కరెంటు పోయింది.
చీకట్లో వెనక బెంచీ గొంతు:
"లే ఆఫో, మాస్టారూ?
మా సెక్షన్ గుమస్తా నోటీసు సదివినాడు. లే ఆఫన్నాడు.
లే అన్నాడు, ఆపన్నాడు.
టీకి కూకున్నోలం లెగిసినాం. మిషన్లు ఆపీసినాం.
ఇంగ్లీషని మాకెవులు సెప్పినారు?"

ఎవరూ నవ్వలేదు ఈసారి.
లే అంటే అది కాదని, ఆఫ్ వేరు ఆపు వేరని
చెప్పడానికి నోరు తెరిచాను.
కింద కొట్టులో ఎవరో కొవ్వొత్తి వెలిగించారు.
ఆ వెలుగు నేల పలకల సందుల్లోంచి
గీతలు గీతలుగా పైకొచ్చింది.

మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అడిగాడు,
"రేపేటి పాఠం?"
"లుక్ ఆఫ్టర్. మీ పనికి కావాలి."
"లుక్కంటే సూడ్డం. ఆఫ్టరంటే తరవాత."
వేళ్ల మీద విడదీసుకున్నాడు.
"తరవాత సూద్దాం. మా బాకీల సంగతి అడిగితే
మేనేజరు రోజూ ఇదే పాఠం సెప్పీవోడు."

కాదు గురువులూ, దగ్గరుండి చూసుకోవడం అని,
బిడ్డనో, ముసలి మనిషినో, ఇంకొకరి ఇంటినో
అని చెప్పబోయాను.
అప్పటికే మెట్లు దిగీసినాడు.