చుక్కల తర్వాతి గీత

గవియావ్ పెయ్‌షోతులో రన్‌వే మనుషులకన్నా ముందే లేస్తుంది.
ఇటు చెరకు, అటు నారింజ తోటలు,
మధ్య ఎర్రమట్టి మీద తీతువుల జంట.
ఆ అరుపు వింటే కీడంటారట కొన్ని దేశాల్లో.
ఇక్కడ ఆ పిట్ట పేరే "కావాలి, కావాలి".

ఇది గాలి పడుకున్న గంట.
లేచిందంటే నా లెక్కలో దుమ్ము పడుతుంది.

పైన పదిహేను వేల అడుగుల్లో ఎవాండ్రో.
కింద, కిటికీల్లేని గదిలో నేను, జూలెయిజి,
చల్లారిన కాఫీ, పదహారు వణికే గీతలు.

చెప్పుకోవడానికి చిన్న పని:
రెక్కను తట్టు. విను.
సంతలో మా అవ్వ పుచ్చకాయను తట్టినట్టే.
వేలు ఎంత గట్టిగా తగిలిందో తెలుసు,
తిరిగొచ్చిన మోత తెలుసు,
లోపలి ఎరుపును మాత్రం
కొయ్యకుండా కనుక్కోవాలి.
కాయ చప్పగా ఉంటే అవ్వ డబ్బులు వెనక్కి అడిగేది.
నేనెవర్ని అడగను?

రెక్కకు రెండు అలవాట్లు.
పైకీ కిందికీ వంగడం ఒకటి, కొసన మెలి తిరగడం ఒకటి.
మెల్లగా పోతున్నంతసేపు ఎవరి తాళం వాళ్లది.
వేగం పెరిగేకొద్దీ జరిగి జరిగి దగ్గరవుతాయి,
ఎక్కడో ఒకచోట అడుగు కలుపుతాయి.
ఆపైన గాలి దగ్గరే బలం తాగి
మూడు సెకన్లలో రెక్కను విరుస్తాయి.
ఫ్లట్టర్ అంటాం.
వినడానికి జెండా రెపరెప లాంటి మాట. పని గొడ్డలిది.

వణుకు పుట్టాక ఎంత త్వరగా అణుగుతుందో
ఆ ఓపిక పేరు డాంపింగ్.
రెండు వందల ఎనభై నాట్ల దగ్గర నాలుగు శాతం.
మూడు వందల దగ్గర మూడున్నర.
మూడు ఇరవై: మూడు.
మూడు నలభై: రెండుకి కొంచెం తక్కువ.

నాలుగు చుక్కలు.
ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారే,
అది అన్నం సంగతి.

మోడల్‌కు ఎనిమిది మెట్లిస్తే అంటుంది:
ఇంకా నలభై నాట్లు నీవే.
పన్నెండిస్తే: తొమ్మిది.
అదే డేటా, అదే ఉదయం.
ఎడమ రెక్క కొసన ఏడో సెన్సర్
తప్పతాగినవాడిలా గురకపెడుతోంది.
దాన్ని నమ్మితే తొమ్మిది. తీసేస్తే నలభై.

"తర్వాతి పాయింట్‌కి సిద్ధం. మూడు అరవై."
ఎవాండ్రో గొంతులో ఆవులింత.
వెనక కుర్చీలో అరిస్టిడిస్ గారు గడియారం చూసుకున్నారు.
ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది,
మాట్లాడదు, గొంతు సవరించుకుంటుంది.

బటన్ నొక్కాను.
"ఆపు. వెనక్కి వచ్చెయ్."

హెల్మెట్ చంకలో ఇరికించుకుని వచ్చి
నా బల్ల మీద ఒక నారింజ పెట్టాడు, కొంచెం గట్టిగానే.
"ఏం చూశావు?"
"చూడలేదు. చూడాల్సొస్తుందేమోనని."
తొక్క తీస్తూ నవ్వాడో, లేదో.

నలభయ్యా, తొమ్మిదా?
తెలుసుకోవడానికి ఒకటే దారి,
ఆ దారిని నేనే మూసి కూర్చున్నాను.
ఇంటికెళ్లి పిల్లాడి లెక్కల పుస్తకం దిద్దుతుంటే
చివరి పేజీల్లో జవాబులు కనబడి అసూయ పుట్టింది.

రాత్రి ఏడో సెన్సర్ విప్పారు.
తీగ మీద కాస్త చిలుము.
అంటే గురక దానిదే కావచ్చు.
రెక్కది కూడా కావచ్చు.

రేపు కొత్త తీగతో, మూడు ఇరవై నుంచి మళ్లీ.
గాలి పడుకుంటే.