మొదట పూసే చెట్టు

మా వీధి పేరు ఆప్రికాట్ తోట.
ఒక్క చెట్టు లేదు.
పద్నాలుగు ఇళ్లు, పద్నాలుగు గరాజులు,
ఇంకా వాసన పోని తారు.

నాన్నకు పంతొమ్మిదేళ్లప్పుడు
తుపాకీతో పాటు బైనాక్యులర్స్ ఇచ్చి
ముళ్లకంచె పక్కన మంచె ఎక్కించారు.
మంచె అంటే పంటకు కాపలా కాదు,
పంటవైపు పరిగెత్తేవాళ్లకు.
అవతల మనుషులే కనిపించేవారు కాదట.
ఓ ట్రాక్టరు, ఓ కుందేలు,
తోటలో అన్నిటికన్నా ముందు పూసే ఒక చెట్టు.
రిజిస్టరులో రాయడానికేమీ లేక
ఓ పొద్దున "చెట్టు పూసింది" అని రాశాడు.
మూడు రోజులు చీకటి గదిలో పెట్టారు.

తర్వాత కంచె పీకేశారు.
బ్రాటిస్లావాలో రెండు గదుల ఫ్లాటు ధరకు
ఆస్ట్రియాలో ఇల్లూ, గడ్డీ, గడ్డిమీద ఊయలా.
మేమొచ్చాం. మమ్మల్ని చూసి మిగతావాళ్లు.
ఏడింటికి వీధంతా కారెక్కి
పాత దేశంలో పనికి పోతుంది,
రాత్రికి ఈ దేశంలో నిద్రకు వస్తుంది.

పొలం అమ్మింది లోవ్రె వెర్దెనిచ్.
హెక్టార్లలో దున్నిన నేలను
చదరపు మీటర్లలో అమ్మాడు.
ఆ డబ్బుతో కొత్త ట్రాక్టరు కొని
ఆదివారాలు దాన్ని కడుగుతుంటాడు.
తాతల నాటి ఇంటిభాష క్రొయేషియన్.
కొడుకులకు జర్మన్ చాలు.
బేకరీ వరుసలో నేను మా పాపతో మాట్లాడుతుంటే
వెనక్కి తిరిగాడు,
తప్పిపోయిన ఆవు మెడగంట విన్నవాడిలా.
"మరెలిత్స," అన్నాడు, జామ్ సీసా చూపించి.
"మర్హుల్య," అన్నాను.
ఒకరికొకరం సగం తప్పు.
అప్పటినుంచి రొట్టె కొనడానికి
ఆయనకు గంట పడుతోంది.

నిన్న నాన్న వచ్చాడు.
బూట్లు గుమ్మంలో విడిచి
చర్చి గోపురం ఎటుందో అడిగి
మేజోళ్లతో అడుగులు లెక్కపెట్టుకుంటూ
వంటింట్లో సింకు దగ్గర ఆగాడు.
"ఇక్కడే."
కుళాయి తిప్పాడు. కట్టేశాడు.

కిటికీలోంచి, మిగిలిన గోధుమ చేను మీదుగా,
మేం పుట్టిపెరిగిన కాంక్రీటు బ్లాకులు.
ఎనిమిదో అంతస్తులో ఏదో తెల్లగా.
అమ్మ ఆరేసిన దుప్పటి కావచ్చు,
ఇంకెవరిదో కావచ్చు.
చాలాసేపు చూశాడు.
పాప కళ్లజోడు అడిగి పెట్టుకుని మళ్లీ చూశాడు.

"రాసుకో," అన్నాడు నాతో, నవ్వకుండా,
"అవతల దుప్పటి ఆరేశారు."