రెండో తాళంచెవి

మీ పేరు నాకు తెలీదు.
రేజెక్నె కోర్టు మెట్ల మీద ఒక గుమాస్తా చెప్పాడు,
మా కారు మీ దేశానికి వస్తోందని.
తాగి నడిపినవాళ్ళ కార్లు కొన్ని ఇప్పుడు అటే పోతున్నాయట,
సరిహద్దు దాటి, యుద్ధం ఉన్న వైపు.
అందుకే ఈ నాలుగు ముక్కలు.
కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి
ఏ కుళాయి కారుతుందో చెప్పినట్టు అనుకోండి.

ముదురాకుపచ్చ పస్సాట్. పంతొమ్మిదేళ్ళది.
డ్రైవరు వైపు తలుపు ఊరికే లాగితే రాదు,
కాస్త పైకెత్తి లాగాలి,
అలిగి పడుకున్న పిల్లని లేపినట్టు.
రెండో గేరు మొండిది.
ఒకటి నుంచి మూడుకి దూకినా ఏమీ అనుకోదు.
హీటరు వేస్తే మొదటి పది నిమిషాలు
తడిమట్టి వాసన వస్తుంది.
ప్రతి సెప్టెంబరూ మా అత్తగారి పొలం నుంచి
వెనక సీటు మడిచి బంగాళదుంపలు తెచ్చేవాళ్ళం.
ఎంత కడిగినా ఆ వాసన వదల్లేదు.
నేను కూడా గట్టిగా కడగలేదేమో.

ముందు అరలో పుదీనా బిళ్ళలుంటాయి, పారేయండి.
అవి గొంతు కోసం కొన్నవి కావు.
నా ముక్కు కోసం కొన్నవి.

గుంతర్స్ చెడ్డవాడు కాదు
అని రాసి, కొట్టేశాను.
పదకొండేళ్ళుగా అందరికీ అదే చెప్తున్నాను.
మీరైనా వినకుండా ఉండండి.

జూన్ ఇరవైమూడు. ఏడాదిలో అతి చిన్న రాత్రి.
ఊరంతా గుట్ట మీద మంట చుట్టూ ఉంది.
బీరు అయిపోయిందని తేవడానికి వెళ్ళాడు,
తల మీద ఓక్ ఆకుల కిరీటంతోనే.
పోలీసు గొట్టం నోటికిచ్చి ఊదమంటే
కిరీటం జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఊదాడట.
రెండు పాయింట్ ఒకటి.
ఈ మాట చెప్పి ఊళ్ళో ఇంకా నవ్వుతారు.
నేనూ ఒకసారి నవ్వాను.

బ్రేకుల గురించి మాత్రం దిగులుపడకండి.
చెరకపోయిన వంతెన మలుపులో
సైకిలు మీద పక్కింటి ఎమీల్స్.
వాడికీ బంపరుకీ మధ్య జానెడు.
టేపు పెట్టి కొలిచారు, ఇరవైరెండు సెంటీమీటర్లు.
రెండో కొస పట్టుకున్నది నేనే.

అందుకే జడ్జిగారు "మీరేమైనా చెప్పుకోవాలా" అన్నప్పుడు
సంచిలో కాగితం సంచిలోనే ఉండిపోయింది.
అందులో అన్నీ నిజాలే.
బస్సు రోజుకి రెండుసార్లే వస్తుందని,
పాలకేంద్రంలో నా షిఫ్టు తెల్లవారుజామున నాలుగింటికని,
కారు అప్పులో సగం నా జీతంలోంచే పోయిందని.
ఇరవైరెండు సెంటీమీటర్ల ముందు
ఏ నిజం చదవను?
సుత్తి కూడా కొట్టలేదావిడ. సంతకం పెట్టి
తర్వాతి ఫైలు అందుకుంది.

తాగింది అతను. జప్తయింది కారు.
తొమ్మిది కిలోమీటర్లు సైకిలు తొక్కుతున్నది నేను.
మంచు మొదలైతే ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదు.

అతను షెడ్డులో ఖాళీ చోటు ఊడుస్తుంటాడు.
నూనె మరక మీద ఇసుక పోస్తాడు, ఎత్తుతాడు,
మళ్ళీ పోస్తాడు.
మానేశాడా అని అడక్కండి.
ఈ వారం మానేశాడు.

మీరు అందులో ఎవర్ని ఎక్కించుకుంటారో,
రొట్టెలో, మందులో, దెబ్బలు తిన్న కుర్రాళ్ళో.
ఎవరైనా సరే, వెనక సీటు ఎడమ వైపు మెత్తగా ఉంటుంది.
నేను ఎప్పుడూ అటే కూర్చునేదాన్ని,
అతను నడిపే తీరు కనపడకుండా.

ఇట్లు,
స్కైద్రీతె

తా.క. రెండో తాళంచెవి గురించి కోర్టు అడగలేదు.
శుక్రవారాలు అతనికి దొరక్కుండా
రై పిండి డబ్బాలో దాచేదాన్ని.
కవరులో పెడుతున్నాను.
పళ్ళ సందుల్లో పిండి ఉంటుంది,
తుడిచి వాడండి.