తొట్టిలో ముంచలేని లీకు

మడపాం టోల్‌గేటు దాటాక ఎడమచేతి వైపు
పందిరికి పాత టైరొకటి వేలాడుతుందే, అదే నా కొట్టు.
ఇరవై ఆరేళ్ళుగా
గాలి ఎక్కడ పోతోందో చెప్పడమే నా పని.
ట్యూబుని తొట్టిలో ముంచుతాను,
బుడగ లేచిన చోట వేలు పెడతాను.
అంతే. నీళ్ళు అబద్ధమాడవు.

మొన్న శ్రావణంలో ప్యాచీ ఉడుకుతుండగా
కూర్చున్న చోటే కునుకు పట్టి
టెక్కలి లారీ ట్యూబొకటి మాడ్చేశాను.
డ్రైవరు తిట్టలేదు. పక్కన చతికిలబడి
"నిద్దట్లో నీకు ఊపిరాగిపోతంది బావూ" అన్నాడు.
సూరీడమ్మ ఏనాడో చెప్పిందా మాట.
గురకకి తనకి మెలకువ రాదట,
గురక ఆగితేనే వస్తుందట.
ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిది దాకా చూసి
డొక్కలో పొడిచేదట.

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షను దగ్గర, మేడ మీద ఆసుపత్రి.
రాత్రంతా వైర్లు తగిలించి
గంటకి నలభై ఒక్కసార్లు ఆగుతున్నానని కాగితం ఇచ్చారు.
లారీకి నూటపది కొడతాను,
నాకు పదకొండు చాలట.

మాస్కులు చూపించిన కుర్రాడి పేరు హిమగిరి.
మొదటిది ముక్కు మీద కూర్చునేది.
నా ముక్కుదూలం మీద ఒక నొక్కుంది,
ఒకప్పుడు లాక్‌రింగు ఎగిరి తగిలిన గుర్తు.
ఆ నొక్కులోంచి గాలి సుయ్యిమని ఎడమ కంట్లోకి.
హిమగిరి పట్టీ బిగించాడు. ఇంకా బిగించాడు.
"బిగిస్తే లీకాగదు బాబూ, థ్రెడ్డు పోద్ది" అన్నాను.

రెండోది మరీ చిన్నది.
ముక్కు కన్నాల్లో రెండు మెత్తటి మొగ్గలు, తేలిక.
ఇంటికి తెచ్చుకున్నాను.
నిద్రలో నోరు తెరుచుకుంటుంది కదా,
గాలంతా అటునుంచే బయటికి;
తెల్లారేసరికి నాలుక సుద్దముక్క.
గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తువ్వాలు కట్టమన్నాను.
సూరీడమ్మ తువ్వాలు తీసుకుంది,
నా మొహం చూసింది,
మడతపెట్టి దండెం మీద వేసేసింది.
"అలాటి కట్టు నాను కట్టను.
బతికున్నోడికి ఎవులైనా కడతారేటి?"

మర్నాడే మళ్ళీ ఆటో ఎక్కాం.
ఈసారి నేనే చెప్పాను హిమగిరికి:
కుర్చీలో కాదు, బల్ల మీద పడుకుంటాను.
కూర్చున్న మొహం వేరు, వాలిన మొహం వేరు,
బుగ్గలు చెవుల వైపు జారిపోతాయి.
ముందు గాలి పెట్టు, పదకొండూ పెట్టు.
గాలి లేని ట్యూబులో లీకు ఎవడికి దొరికింది?

మూడోది నోటిని కప్పి ముక్కు కిందే ఆగిపోతుంది.
నొక్కు జోలికి రాదు.
పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు.
కుర్రాడు చెవి పెట్టి వింటున్నాడు.
సూరీడమ్మ వేలు సీసాలో నీళ్ళతో తడిపి
రబ్బరు అంచు వెంబడే తిప్పుకుంటూ వచ్చి
మీసం కుడి కొస దగ్గర ఆపింది.
"ఇక్కడ."
నా కొట్లో ఒక్కరోజూ పనిచేయలేదు తను.

మీసం తీసేశాను.
సింహాచలం మొక్కుకి ఒకసారి, నాన్న పోయినప్పుడొకసారి,
ఇది మూడోది.
టీకొట్టు దాలయ్య గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి
"ఎవులు పోనారన్నా?" అన్నాడు.
ఎవరూ పోలేదురా, అందుకే తీశాను.

ఇంకో సంగతి. మాస్కు ముందు సన్నటి కన్నాల వరసుంటుంది,
అక్కడా గాలి పోతుంది.
మొదటి రాత్రి దానికీ ప్యాచీ ముక్క కత్తిరించాను.
వదిలిన ఊపిరికి దారి అదేనట,
మూస్తే ముప్పని ఫోనులో కేకలేశాడు హిమగిరి.
ఆ ముక్క కిటికీ గూట్లో ఉంది. పారేయబుద్ధి కాదు.

నిన్న రాత్రి రెండింటప్పుడు కళ్ళు తెరిచాను.
హైవే మీద లారీలు. సూరీడమ్మ లేచి కూర్చునుంది.
"ఏటే?" అంటే
నా మాట పీపాలోంచి వచ్చినట్టు వచ్చింది.
"చప్పుడు నేదు కదా, నిద్దర పట్టనేదు" అంది.
చేతి వెనక భాగం ఆ కన్నాల ముందుంచి
లెక్కపెట్టడం మొదలెట్టింది.
ఎంతదాకా వెళ్ళిందో
నాకు తెలీదు.