తరుగు

సంఘపోళ్లు శాలువా కప్పలే.
"ముప్పై ఒక్క ఏండ్లు కాంటా పట్టినవ్, సారంగం,
ఒక్కసారన్న పైకి పోయి రా" అని నవ్వుకుంట
మామునూరు నుంచి హైదరాబాద్ దాకా
టికెట్ చేతిల పెట్టిన్రు.
పోను మాత్రమే. రాను బస్సుకే.

తొమ్మిది సీట్ల ఇమానం.
మా యార్డుల తిరిగే ట్రాలీ ఆటో కంటె
జరంత పొడుగు.
రెక్కలు మాత్రం నిజమే.

కౌంటర్ కాడ నౌషీన్ అనే పిల్ల
నా సంచిని కాంటా మీద పెట్టింది:
నాలుగు కిలోల రెండొందలు.
"ఇప్పుడు మీరెక్కండి అంకుల్."
"మనుషుల్ని గూడ జోకుతరా?"
"చిన్న ఫ్లైట్ కదా, అందర్నీ జోకాలె."

నేను దడ్వాయిని.
ఎనుమాములల ఎన్ని లక్షల బస్తాలు
నా కండ్ల ముందట ఊగి ఆగినయో.
తేజ, వండర్‌హాట్, బొద్దుగుండే చపాటా,
ముల్లు నిలబడక ముందే బరువు చెప్పెటోన్ని.
నేనే కాంటా ఎక్కుడు ఇదే మొదలు.
చెప్పులు ఇడ్వాల్నా అని అడిగిన.
వద్దన్నది.
ఊపిరి బిగబట్టిన, ఎందుకో.

అరవై ఎనిమిదిన్నర.
రాసుకున్నది.
నేను దిగలే.
"అయిపోయింది అంకుల్."
"మరి తరుగు?"
"ఏంది?"
"తరుగు తియ్యవా బిడ్డా?
తేమకో, తాలుకో, గోనె బరువుకో..."
పిల్ల నవ్వింది.
ఎనుక నిలబడ్డ గ్రానైట్ సేటు గూడ నవ్విండు.
"ఎంతుంటే అంతే రాస్తం అంకుల్.
తప్పు రాస్తే పైలట్ సార్ ఊకోడు."

కూసునుడు గూడ బరువును బట్టే.
సేటును ముందుకు పిలిచిన్రు,
నన్ను తోక కాడికి పంపిన్రు.
ఇది నాకు తెలిసిన పనే,
అటింత ఇటింత జరిపి
నడుమ ముల్లును నిద్రపుచ్చుడు.

పంకా గర్రుమన్నది. నేల జారిపోయింది.
పత్తి చేన్లు, క్వారీ గుంతలల్ల పచ్చనీళ్లు,
బోర్లిచ్చిన గంప లెక్క ఉర్సు గుట్ట,
ఇమానం ఒక పక్కకు ఒరిగితే
దూరంగ, ఎర్రగ,
జేబురుమాలంత మా యార్డు.
ఘాటు లేదు, తుమ్ము లేదు, ఒర్రుడు లేదు.
బస్తా జారి ఓదెలు కాలిరిగిన మెట్టు
ఎంత ఎతికినా కనవడలే.

కనవడ్డది సక్రి.
నెక్కొండ అవతలి తండా నుంచి
డీసీఎంల మిర్చి మీద కూసోని వచ్చేది.
నలబై మూడున్నర తూగిన బస్తాను
నలబై రెండని ఒర్రిన ఓనాడు.
"అన్నా, కిలున్నర యాడ పోయిందే?"
"గాలికి పోయింది" అన్న.
అందరు నవ్విన్రు. ఆమె గూడ కొంచెం నవ్వింది,
నవ్వకపోతే రెండో బస్తా ఏమైతదో అని.
రివాజు అది. సేటు సైగ చేసిండు, నేను ఒర్రిన.
నేనొక్కన్నే ఒర్రలే గదా.

ధర్మసాగరం మీదికి వచ్చినంక
ఇమానం ఒక్కపారి దబ్బున దిగింది.
కడుపు గొంతుల కొచ్చింది.
"గాలి అంతే, భయపడకుండ్రి" అన్నడు
ముందట కూసున్న సేటు, తనకే చెప్పుకుంట.

గాలి.
కిటికీకి నుదురు ఆనిచ్చి చూసిన.
నేను చెప్పిన జాగకే వచ్చిన గదా ఆఖరికి.
తెల్లటి పొగ, ఎండ, రెక్క కొసకు ఒక నట్టు.
ఇక్కడేం లేదు.

రాత్రి ఉప్పల్ల ఎక్కిన బస్సుల
జనగామ దాకా నిలబడే వచ్చిన.
ఎవ్వరు జోకలే.
కొమురమ్మ తలుపు తీసి
"ఏం జూసినవ్ పైకెల్లి?" అన్నది.
టికెట్ చూపిచ్చిన.
పేరు కింద పెన్నుతోని నా బరువు.
"గింతేనా?"
"ఇంకో కిలున్నర ఉండాలె" అన్న.
"బువ్వ తినలేదా ఏంది" అనుకుంట
పొయ్యి దిక్కు పోయింది.